మెల్లోట్రాన్ ఎం400ను తిరిగి పలికించడం ఎలా: హైదరాబాదులో ఒక పాత టేపు వాద్యం మరమ్మతు

మీటలు నొక్కితే టేపుల మీద రికార్డు చేసిన స్వరాలు వినిపించే మెల్లోట్రాన్ ఇంటికి చేరగానే చాలామంది చేసే మొదటి పని ప్లగ్గు పెట్టి ఏదో ఒక మీట నొక్కి చూడడం. ఎంత ఆత్రంగా ఉన్నా ఆ పని మాత్రం చేయకండి. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న యంత్రంలో గట్టిపడిన బెల్టు, పట్టేసిన బేరింగు, ఎండిపోయిన కెపాసిటర్లు, కాస్త లాగితే చాలు అతుకు దగ్గర ఊడిపోయే టేపులు ఉంటాయి; వీటిలో ఏది ముందు పోతుందో స్విచ్చి వేశాక తెలుసుకోవడం కన్నా వేయకముందే తెలుసుకోవడం మేలు. ఈ వాద్యానికి విడిభాగాలు మన ఊళ్లో దొరకవు, తెప్పించుకోవడానికి ఖర్చూ సమయమూ రెండూ ఎక్కువే పడతాయి కాబట్టి, ఉన్నవాటిని పాడు చేసుకోకుండా ఉండడమే సగం మరమ్మతు.

అమెరికాలో హ్యారీ చాంబర్లిన్ తయారు చేసిన టేపు వాద్యం ఆధారంగా ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హాంలో బ్రాడ్లీ సోదరులు 1963లో మెల్లోట్రాన్‌ను మొదలుపెట్టారు. 1970లో వచ్చిన ఎం400 వాటిలో తేలికైనది, ఎక్కువగా అమ్ముడైనది. ఈనాడు సేకరించేవారి చేతికి వచ్చేదీ సాధారణంగా అదే. తేలికైనది అన్నా దాదాపు 55 కిలోల బరువుంటుంది, అందువల్ల మెట్లు ఎక్కించేటప్పుడు ఇద్దరు సరిపోరు. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఎం400 గురించే.

ముందుగా అర్థం చేసుకోవలసినది

ఎం400లో కింది జీ నుంచి పై ఎఫ్ వరకు 35 మీటలు ఉంటాయి. ప్రతి మీటకూ సొంతంగా ఒక టేపు, ఒక ప్లేబ్యాక్ హెడ్, ఒక ఫెల్టు ప్రెషర్ ప్యాడ్, ఒక రబ్బరు పించ్ రోలర్ ఉంటాయి. క్యాప్‌స్టన్ మాత్రం అన్నిటికీ ఒక్కటే. అది ఎడమ నుంచి కుడి దాకా సాగే నున్నటి ఉక్కు కడ్డీ, స్విచ్చి వేసి ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. మీట నొక్కినప్పుడు దానికి ఉన్న రెండు స్క్రూలలో ఒకటి ప్యాడ్‌ను నెట్టి టేపును హెడ్‌కు ఆనిస్తుంది, మరొకటి రోలర్‌ను నెట్టి టేపును క్యాప్‌స్టన్‌కు అదుముతుంది. అప్పుడు టేపు సెకనుకు సుమారు 7.5 అంగుళాల వేగంతో కదిలి, దాని మీద రికార్డు చేసి ఉన్న వేణువో వయొలినో కోరస్ గొంతో వినిపిస్తుంది. సుమారు 8 సెకన్లకు టేపు అయిపోతుంది; మీట వదిలితే స్ప్రింగు దానిని మళ్లీ మొదటికి లాగేస్తుంది. టేపు వెడల్పు అంగుళంలో 3/8 వంతు. దాని మీద పక్కపక్కన ఏ, బీ, సీ అని మూడు ట్రాకులు ఉంటాయి. ట్రాక్ నాబ్ తిప్పితే టేపులకూ హెడ్లకూ మధ్య పక్కవాటు స్థానం మారి ఒక స్వరం బదులు మరొకటి పలుకుతుంది, రెండింటి నడుమ ఆపితే రెండూ కలిసి పలుకుతాయి.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. దోషం ఎక్కడుందో వెతకడానికి మీరు ప్రతిసారీ వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: తేడా 35 మీటల్లోనూ ఉందా, ఒక్క మీటలోనే ఉందా? అన్నిటిలోనూ ఉంటే అది మోటారు, బెల్టు, క్యాప్‌స్టన్, పవర్ సప్లై, ప్రీయాంప్ (హెడ్ల నుంచి వచ్చే సన్నటి సిగ్నలును పెంచే బోర్డు) వంటి ఉమ్మడి భాగాలలోనిది. ఒక్కదానిలోనే ఉంటే అది ఆ మీట స్క్రూలు, ప్యాడ్, రోలర్, టేపు, హెడ్‌లలో ఒకదానిది. ఈ తేడా తేల్చుకోకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టుకొని ప్రీయాంప్ బోర్డు మీదకు వెళ్లేవారిని చాలామందిని చూశాను. నా అంచనాలో ఈ వాద్యపు రోగాలలో అధిక భాగం ఎలక్ట్రానిక్స్‌కు సంబంధించినవే కావు.

సామగ్రి ఎక్కడ దొరుకుతుంది

హెడ్లు తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మొబైల్ బోర్డులు శుభ్రం చేసేవారు వాడేది అదే కాబట్టి కోఠీ గుజరాతీ గల్లీలో సులభంగా దొరుకుతుంది. మందుల దుకాణంలో దొరికే శానిటైజరు కొనకండి, అందులో నీరు, గ్లిజరిన్ ఉంటాయి. సర్జికల్ స్పిరిట్ కూడా పనికిరాదు. కాంటాక్ట్ క్లీనర్, మల్టీమీటరు, హెడ్ డీమ్యాగ్నెటైజరు (హెడ్లకు పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే పరికరం), ఇయర్ బడ్స్, నూలు చేతి తొడుగులు, మంచి టార్చి, పిడి పొడవైన సన్నటి స్క్రూడ్రైవరు సిద్ధం చేసుకోండి. డీమ్యాగ్నెటైజరు ఇప్పుడు అంగళ్లలో అరుదుగా కనిపిస్తుంది; పాత టేపు డెక్కులు బాగుచేసేవారిని, లేదా ఆకాశవాణిలో టేపు యంత్రాల మీద పనిచేసి రిటైరైన ఇంజినీర్లెవరైనా పరిచయం ఉంటే వారిని అడగండి. అటువంటివారితో ఒక పూట కూర్చుంటే పుస్తకాలు చెప్పని సంగతులు తెలుస్తాయి.

ట్రూప్ బజారులో ఒక ఫిలమెంట్ బల్బు, దాని హోల్డరు కొనండి. 60 వాట్లది చాలు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. దీనిని ఎందుకు వాడాలో కింద చెబుతాను.

దుకాణంలో మెల్లోట్రాన్ పేరు చెప్పి విడిభాగం అడిగితే లాభం లేదు. బెల్టు కావాలంటే టేప్‌రికార్డరు బెల్టు అని చెప్పి, మందం, వెడల్పు, చుట్టుకొలత చూపించి అడగాలి. స్క్రూలు, స్ప్రింగులు, బేరింగుల కోసం రాణీగంజ్ వెళ్లండి; బేరింగు మీద చెక్కి ఉన్న నంబరు చెబితే చాలు, అది ఏ యంత్రానిదో వారికి అక్కరలేదు.

విప్పడం, చూడడం, తుడవడం

పై మూత తీయండి. మీటల వరుసను, దాని కింద ఉన్న టేపు ఫ్రేమును తీసే ముందు ప్రతి దశలోనూ ఫోటో తీసుకోండి. ఏ తీగ ఎటు వెళ్తుందో, ఏ టేపు ఏ గైడులో నుంచి వస్తుందో తిరిగి బిగించేటప్పుడు గుర్తుంటుందనుకోవడం భ్రమ. టేపు ఫ్రేము మొత్తంగా ఊడి వస్తుంది. ఎం400కు ఉన్న గొప్ప సౌలభ్యం అదే. దానిని శుభ్రమైన నూలు గుడ్డ మీద, స్పీకర్లకూ డీమ్యాగ్నెటైజరుకూ దూరంగా, వీలైతే వేరే గదిలో పెట్టండి. టేపు పూతను వట్టి వేళ్లతో తాకకండి.

హైదరాబాదులో నిల్వ ఉన్న చెక్క సామాను అంటే ముందుగా చూడవలసింది చెద. పెట్టె అడుగున, మూలల్లో, వెనుక పలక లోపలి వైపు టార్చి వేసి చూడండి. చెక్కను వేలి గోటితో నొక్కితే లోపలికి దిగబడితే ఆ పలక మార్చవలసిందే. ఎలుకలు కొరికిన తీగలు కూడా కనిపించవచ్చు. దుమ్మును ఊదకండి, తక్కువ వేగంతో వ్యాక్యూమ్ క్లీనరు పెట్టి మెత్తటి బ్రష్షుతో కదిలిస్తూ లాగండి. ఊదిన దుమ్ము హెడ్ల మీదా క్యాప్‌స్టన్ బేరింగులలోనూ చేరుతుంది.

తరువాత హెడ్లు. ఇయర్ బడ్‌ను ఆల్కహాల్‌లో ముంచి, పిండి, టేపు కదిలే దిశలో హెడ్ ముఖం మీద రుద్దండి. మొదటి బడ్ మీద కాఫీ డికాషన్ రంగు మడ్డి అంటుకుంటుంది. అది ఏళ్లుగా టేపుల నుంచి రాలిన ఐరన్ ఆక్సైడు. బడ్ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. 35 హెడ్లకూ ఇలాగే చేయాలి, కాబట్టి పెద్ద ప్యాకెట్టే కొనండి. తుడిచాక టార్చిని ఏటవాలుగా పట్టి హెడ్ ముఖాన్ని చూడండి. వేలి గోరుకు తగిలేంత గాడి పడి ఉంటే ఆ హెడ్ అరిగిపోయినట్టే, పై స్థాయి ధ్వనులు మందంగా వినిపిస్తాయి. అయినా అది పలకడం మానేదాకా మార్చవలసిన తొందర లేదు.

క్యాప్‌స్టన్‌ను అదే ఆల్కహాల్‌తో, గుడ్డతో తుడవండి. గీరుడు కాగితం దాని మీదకు పోనివ్వకండి. ఆ కడ్డీ నునుపూ గుండ్రతనమే ఈ వాద్యపు శ్రుతి. రోలర్ల రబ్బరుకు ఆల్కహాల్ మంచిది కాదు, అది రబ్బరును ఎండబెట్టి పగిలేలా చేస్తుంది. తేలికపాటి సబ్బు నీటితో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. యంత్రం మీద ఎవరో సామాను పెట్టి మీటలు నొక్కుకుపోయి ఉన్నట్లయితే రోలరు మీద ఒకచోట చదునైన మచ్చ కనిపిస్తుంది. కొన్నాళ్లు నొక్కుడు లేకుండా ఉంచితే కొద్దిపాటి చదును సర్దుకుంటుంది. బాగా గట్టిపడి మెరుస్తున్న రోలరును మార్చడం తప్ప వేరే దారి లేదు.

చివరగా డీమ్యాగ్నెటైజరు. యంత్రానికి కరెంటు లేకుండా, టేపు ఫ్రేము వేరే గదిలో ఉండగా, పరికరాన్ని రెండు మూడు అడుగుల దూరంలో ఆన్ చేసి, మెల్లగా దగ్గరికి తెచ్చి, ఒక్కొక్క హెడ్ మీదుగా జరిపి, మళ్లీ అంతే మెల్లగా దూరంగా తీసుకెళ్లాక మాత్రమే ఆపాలి. హెడ్ దగ్గర ఉండగా ఆపేస్తే లేని అయస్కాంతాన్ని మీరే ఎక్కించినవారవుతారు.

కరెంటు ఇవ్వడం

మీ యంత్రం ఏ దేశం నుంచి వచ్చిందో దానిని బట్టి ఇక్కడ జాగ్రత్త పడాలి. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. బ్రిటన్‌లో అమ్మిన యంత్రానికి ఇది సరిపోతుంది. అమెరికాలో అమ్మినదైతే ట్రాన్స్‌ఫార్మరు 115 వోల్టుల ప్రాంతానికి కలిపి ఉండవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు మీద రాసినది చదివి, సందేహం ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వాడండి. ఎం400 మోటారు డీసీ మోటారు, దాని వేగాన్ని కంట్రోల్ కార్డు నిలబెడుతుంది, కాబట్టి 50 హెర్ట్జా 60 హెర్ట్జా అన్నది శ్రుతిని మార్చదు.

మెయిన్స్ తీగ పాతదైతే చూసీచూడక వదిలేయకండి, మూడు పిన్నుల కొత్త తీగ వేయండి. ఎర్తు తీగ లోహపు చాసీకి గట్టిగా బిగించి ఉందో లేదో మల్టీమీటరుతో చూడండి. ఈ పనుల్లో అలవాటు లేనివారు ఈ ఒక్క దశను ఎలక్ట్రీషియను చేతికి అప్పగించడం మంచిది. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉబ్బి ఉన్నా, అడుగున జిగురు కారి ఉన్నా మార్చండి. విలువ అంతే ఉండాలి, వోల్టేజి రేటింగు అంతకు తగ్గకూడదు, 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకం ఎంచుకోండి. ఒకటి తీసి దాని చోట కొత్తది పెట్టాకే మరొకటి తీయండి, ప్లస్ మైనస్‌లు తారుమారు కావు.

ఇప్పుడు ఫిలమెంట్ బల్బును మెయిన్స్‌తో సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే యంత్రంలోకి వెళ్లేలా, కలిపి స్విచ్చి వేయండి. టేపు ఫ్రేము ఇంకా బయటే ఉండాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే లోపల షార్టు లేనట్టు. పూర్తి వెలుగుతో నిలిచిపోతే వెంటనే ఆపి పవర్ సప్లై చూడాలి. బల్బు అడ్డుగా ఉన్నప్పుడు మోటారు నిదానంగా తిరగడం సహజం. అన్నీ సవ్యంగా ఉంటే బల్బు తీసి నేరుగా కలిపి, అరగంట సేపు మోటారును ఖాళీగా తిరగనివ్వండి. కీచుమంటే బేరింగు, టకటకమంటే బెల్టు అతుకు, వాసన వస్తే అన్నిటికన్నా ముందు స్విచ్చి.

టేపుల శబ్దాన్ని భద్రపరచడం

ఇంకే సర్దుబాటుకూ పూనుకోకముందు టేపు ఫ్రేము పెట్టి, ప్రతి మీటనూ మూడు ట్రాకులలోనూ పూర్తిగా నొక్కి, అవుట్‌పుట్‌ను ఆడియో ఇంటర్‌ఫేసు ద్వారా కంప్యూటరులోకి రికార్డు చేయండి. 35 మీటలు, మూడు ట్రాకులు కలిపి 105 శబ్దాలు. ఒక్కొక్కటి 8 సెకన్లు అనుకున్నా మొత్తం 14 నిమిషాల శబ్దమే. మీటల సర్దుబాటు సరిగా లేనందువల్ల కొన్ని బలహీనంగా వస్తాయి, ఫరవాలేదు, అవి తరువాత మళ్లీ రికార్డు చేయవచ్చు. ఇందులో రెండు ప్రయోజనాలు ఉన్నాయి. రేపు ఒక టేపు తెగినా దాని మీద ఏముందో మీ దగ్గర ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, ఈ రికార్డింగు వింటూ ప్రతి మీట ఎదుట దాని రోగం రాసుకుంటే మీకు పనుల పట్టిక తయారవుతుంది: ఎనిమిదో మీట ‘ఏ’ ట్రాకులో మాత్రమే మూగ, పంతొమ్మిదోది మూడింటిలోనూ సన్నగా, ఇరవై ఆరోది శ్రుతి తక్కువ, ఈ పద్ధతిలో.

మొదటి మీట నొక్కేముందు ప్రతి టేపు రెండు కొసలలోని అతుకులనూ చూడండి. జిగురు ఎండి లేచిన అతుకును స్ప్లైసింగ్ టేపుతోనే మళ్లీ వేయాలి. సెల్లో టేపు వేస్తే మన ఎండాకాలంలో దాని జిగురు కరిగి పక్క పొరకు అంటుకుంటుంది, ఒకటి బాగుచేయబోతే రెండు పోతాయి.

అన్ని మీటలకూ ఉన్న తేడా: వేగం, ఊగిసలాట

ఫోనులో ట్యూనరు యాప్ పెట్టుకొని పది పన్నెండు మీటలు నొక్కండి. అన్నీ ఒకే దిశలో, ఇంచుమించు ఒకే మోతాదులో తప్పి ఉంటే ముందు పిచ్ నాబ్ మధ్యలో ఉందో లేదో చూసి, తరువాత మోటారు వేగం సర్దుబాటు చేయాలి. వేగంలో నూటికి ఒక వంతు తేడా వస్తే శ్రుతిలో సుమారు 17 సెంట్ల (సెంటు అంటే పక్కపక్క మీటల మధ్య ఉండే అంతరంలో నూరో వంతు) తేడా వస్తుంది, అది సంగీతం వినే ఎవరి చెవికైనా తెలుస్తుంది. అందుకని 5 సెంట్ల లోపు తేవడానికి ప్రయత్నించండి, అంతకన్నా సూక్ష్మంగా వెళ్లడం వృథా ప్రయాస. టేపుల మీద రికార్డు చేసిన స్వరాలలోనే అంతటి తేడాలు ఉంటాయి.

శ్రుతి లయబద్ధంగా ఊగుతూ ఉంటే బెల్టు మీద, ఫ్లైవీలు (క్యాప్‌స్టన్‌కు బిగించిన బరువైన చక్రం) మీద ఒక్కొక్క సుద్ద గీత గీయండి. ఒక మీట నొక్కిపట్టి, ఊపు వచ్చినప్పుడల్లా ఏ గీత కళ్ల ముందుకు వస్తున్నదో గమనించండి. బెల్టు గీతతో కలిసి వస్తే బెల్టులో గట్టిపడిన ముడత ఉన్నట్టు. ఫ్లైవీలు గీతతో కలిసి వస్తే క్యాప్‌స్టన్ వంగిందనో, బేరింగు వదులైందనో అర్థం. మొదటిది కొన్ని వందల రూపాయలతో తీరుతుంది. రెండోదానికి మంచి లేతు, ఓపికగల పనివాడు కావాలి. బాలానగర్‌లో అటువంటి వర్కుషాపులు ఉన్నాయి గాని, కడ్డీని సుత్తితో సరిచేస్తానన్న చోట మాత్రం ఇవ్వకండి. డయల్ గేజి పెట్టి చూపించేవారి దగ్గరికే వెళ్లండి.

బెల్టు కొనేటప్పుడు పాతదాని పొడవును నేరుగా నమ్మకండి, అది సాగి ఉంటుంది. మోటారు కప్పీ, ఫ్లైవీలు చుట్టూ దారం వేసి కొలిచి, అంతకన్నా నూటికి ఐదు వంతులు తక్కువ చుట్టుకొలత ఉన్నది తీసుకోండి. రాణీగంజ్‌లో దొరికే ఓ-రింగు (గుండ్రటి రబ్బరు వలయం) సరిగ్గా సరిపోతున్నట్టే కనిపిస్తుంది, ధర కూడా నామమాత్రం. కానీ అచ్చు పోసినప్పుడు దాని అంచున మిగిలే సన్నటి గీత కప్పీ మీద తిరిగిన ప్రతిసారీ కుదుపు ఇస్తుంది, ఆ కుదుపు వేణువు స్వరంలో స్పష్టంగా వినిపిస్తుంది.

ఒక్క మీటకు శ్రుతి బాగానే ఉండి, నాలుగైదు మీటలు కలిపి నొక్కితే అన్నీ కిందికి జారుతుంటే మోటారు కంట్రోల్ కార్డును అనుమానించాలి. సీఎంసీ-10 అనే పాత కార్డుకు ఈ విషయంలో పేరు మంచిది కాదు, బరువు పెరిగేకొద్దీ వేగాన్ని నిలబెట్టలేదు. అయితే కార్డును నిందించే ముందు కింది అధ్యాయంలోని ప్యాడ్ల పని పూర్తి చేయండి. ప్యాడ్లు అవసరానికి మించి బిగించి ఉంటే ఎంత మంచి కార్డైనా చేతులెత్తేస్తుంది.

మీటల సర్దుబాటు

ఇక్కడే మీ సమయం అధిక భాగం ఖర్చవుతుంది, ఇక్కడే వాద్యం వాద్యమవుతుంది. హార్మోనియంలో రీడు శ్రుతి ఒకసారి చేస్తే ఏళ్లపాటు నిలుస్తుంది. ఇందులో ఫెల్టు నలిగినా, రబ్బరు గట్టిపడినా, చెక్క మీట వానాకాలంలో కాస్త ఉబ్బినా సర్దుబాటు కదులుతుంది. అందుకని ఈ పని మెకానిక్కు చేతిలో పెట్టి మరచిపోయేది కాదు, వాయించేవారే నేర్చుకోవలసినది. మూడీ బ్లూస్ అనే బ్రిటిష్ రాక్ బృందంతో ఈ వాద్యానికి పేరు తెచ్చిన మైక్ పిండర్ అంతకుముందు దానిని తయారుచేసే స్ట్రీట్లీ కర్మాగారంలోనే పనిచేశాడు. ఆ అనుభవం వేదిక మీద ఎంత అక్కరకు వచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

ముందు ప్యాడ్లు చూడండి. ఫెల్టు నల్లబడి అట్టకట్టి ఉంటే మార్చాలి. హార్మోనియం బాగుచేసేవారి దగ్గర దొరికే ఫెల్టు దీనికి మందం ఎక్కువ. పాత ప్యాడ్ ఎంత మందమో కాలిపరుతో కొలిచి, అంతే మందం గల మెత్తటి ఉన్ని ఫెల్టు వాడండి, సింథటిక్ ఫెల్టు టేపును గీరుతుంది. జిగురు చుక్క పైకి ఊరి ఫెల్టును గట్టిపరచకుండా పలుచగా రాయాలి.

తరువాత ఒక మీట తీసుకొని, దాని ప్యాడ్ స్క్రూను టేపు హెడ్‌కు తాకనంత వదులు చేయండి. అప్పుడు రోలర్ స్క్రూతో మొదలుపెట్టాలి. మీటను పూర్తిగా నొక్కిపట్టి, టేపు కదలడం మొదలయ్యే దాకా స్క్రూను కొద్దికొద్దిగా బిగించండి. కదలడం మొదలయ్యాక మరి పావు చుట్టు చాలు. ఇప్పుడు మీట వదిలి రోలరును టార్చి వెలుగులో చూడండి. రోలరుకూ క్యాప్‌స్టన్‌కూ మధ్య సన్నటి వెలుగు గీత కనిపించాలి. కనిపించలేదంటే మీట నొక్కకుండానే టేపు పాకుతుంటుంది, టేపు అరుగుతుంది, మోటారుకు పనికిమాలిన బరువు పడుతుంది.

రోలరు కుదిరాక ప్యాడ్ స్క్రూకు రండి. మీటను పూర్తిగా నొక్కి పట్టుకుంటే తొలుత శబ్దం రాదు, లేదా చాలా దూరం నుంచి వచ్చినట్టు మందంగా వస్తుంది. స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ మీట వదిలి టేపు వెనక్కి వెళ్లాక మళ్లీ నొక్కి వినండి. శబ్దం క్రమంగా పెరిగి, ఒక దశలో పై స్థాయి ధ్వనులన్నీ తేటపడి, ఆ తరువాత ఎంత బిగించినా పెరగకుండా నిలుస్తుంది. సరైన చోటు అదే, అక్కడే ఆపండి. ఇంకా బిగిస్తే శబ్దంలో లాభం ఉండదు. ఫెల్టు టేపును పట్టి లాగడం వల్ల ఆ ఒక్క స్వరం శ్రుతి తగ్గుతుంది, హెడ్ త్వరగా అరుగుతుంది. ట్యూనరు యాప్ ఎదురుగా పెట్టుకుంటే ఆ తగ్గుదల మొదలైన క్షణం తెరమీద కనిపిస్తుంది.

ఇలా ఒకటి పూర్తయ్యాక పక్కదానికి వెళ్లండి. అన్నీ అయ్యాక ఒకే బలంతో వరుసగా పైనుంచి కిందికి వాయించి, ఎత్తుపల్లాలు వినండి. మీ వేలి బరువుకు తగినట్టు కొంచెం అటూఇటూ మార్చుకోవచ్చు. మెత్తగా వాయించేవారికి ప్యాడ్ ముందుగా తాకాలి, గట్టిగా వాయించేవారికి వదులుగా ఉన్నా నడుస్తుంది. మీటను నొక్కే లోతును బట్టి శబ్దం మారడం దోషం కాదు, ఈ వాద్యంలో వాయించేవాడికి మిగిలిన భావప్రకటన అదే.

ఒక్క మీట మొండికేసినప్పుడు

‘ఏ’ ట్రాకులో మూగగా ఉండి బీ, సీ ట్రాకులలో బాగా పలికితే హెడ్, ప్యాడ్, రోలరు అన్నీ బాగున్నట్టే. ఆ టేపులో ఆ అంచు ముడుచుకుందో, పూత రాలిందో, టేపు గైడు నుంచి పక్కకు తప్పిందో చూడండి. మూడింటిలోనూ మూగైతే ముందు ప్యాడ్ ఊడిపోలేదు కదా అని చూసి, తరువాతే హెడ్ తీగల సోల్డరింగు చూడండి. ఒక ట్రాకు వాయిస్తుంటే పక్క ట్రాకు సన్నగా వినిపిస్తే, అది ఒక్క మీటలోనే అయితే గైడు, అన్నిటిలోనైతే ట్రాక్ నాబ్ యంత్రాంగం.

స్వరం మొదట్లో కుయ్యిమని సాగి తరువాత శ్రుతికి వస్తే రోలరు జారుతున్నది. తుడవండి, లేదా ఇంకొంచెం బిగించండి. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే రెండోసారి స్వరం మధ్య నుంచి మొదలవుతుంటే టేపు సకాలంలో వెనక్కి రావడం లేదు. స్ప్రింగు సాగిందేమో, టేపు దారిలో దుమ్ము గడ్డకట్టిందేమో చూడండి. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు స్థిర విద్యుత్తు వల్ల కూడా టేపు దారి గోడలకు అతుక్కుంటుంది. టేపు మీద ఏ స్ప్రే కొట్టకండి, గదిలో కొంచెం తేమ పెంచితే తగ్గుతుంది.

జూలై, ఆగస్టుల్లో కొన్ని మీటలు నొక్కితే పైకి లేవవు. చెక్క ఉబ్బి పక్క మీటను ఒరుసుకుంటుంది. వెంటనే చెక్కను అరగదీయకండి. నాలుగు రోజులు గదిలో తేమ తగ్గించి చూసి, అప్పటికీ తగ్గకపోతేనే ఒరుసుకునే చోట మాత్రం సన్నటి గీరుడు కాగితం వాడండి. మీటల మధ్య నూనె వేయకూడదు, అది పారి ఫెల్టుల్లోకి చేరుతుంది.

టేపే పాడైపోతే మామూలు క్యాసెట్టు టేపు గాని, పావు అంగుళం స్పూలు టేపు గాని పనికిరావు, వెడల్పు చాలదు. ఇంగ్లండ్‌లో స్ట్రీట్లీ ఎలక్ట్రానిక్స్ వారు పాత మాస్టర్ రికార్డింగుల నుంచి కొత్త టేపులు చేసి ఇస్తున్నారు. నా సలహా ఏమిటంటే, మూడు నాలుగు టేపులు పోయినప్పుడే విడిగా తెప్పించుకోకుండా, ఉన్నవాటితో నెట్టుకొచ్చి పూర్తి సెట్టు ఒకేసారి మార్చండి. కొత్త టేపుల పక్కన పాతవి మసకగా వినిపించి చెవికి ఇబ్బంది కలుగుతుంది.

హమ్, గరగర

వాల్యూము నాబ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనరు రెండు చుక్కలు వేసి ఇరవై సార్లు తిప్పండి. ఏ మీటా నొక్కకుండానే హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే శబ్దం) వస్తుంటే ముందు ఇంటి కరెంటును అనుమానించండి: వేరే సాకెట్టులో పెట్టి, యాంప్లిఫయరునూ వాద్యాన్నీ ఒకే ఎర్తు మీద ఉంచి చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు వచ్చే జుయ్యిమనే శబ్దానికి యంత్రంలో మందు లేదు. ఇవన్నీ కాకపోతేనే ప్రీయాంప్ కెపాసిటర్లు మార్చడం.

నిర్వహణ

వాడకం ఉన్నంతకాలం హెడ్లనూ క్యాప్‌స్టన్‌నూ నెలకొకసారి తుడవండి. వారానికి ఒకసారైనా స్విచ్చి వేసి ప్రతి మీటనూ పూర్తి నిడివి వాయించండి. టేపు కదలకుండా ఒకే వంపులో ఉండిపోతే అక్కడ ముడత పడుతుంది. వాయించడం అయ్యాక నూలు గుడ్డ కప్పండి, ప్లాస్టిక్ కప్పితే వానాకాలంలో లోపల చెమ్మ పడుతుంది. పెట్టె లోపల సిలికా జెల్ సంచులు రెండు వేసి, రంగు మారినప్పుడు ఎండబెట్టి మళ్లీ వాడండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, పడమటి ఎండ పడే కిటికీ పక్కన పెట్టవద్దు. మరో చోటికి తరలించవలసి వస్తే టేపు ఫ్రేమును కదలకుండా బిగించి, వాద్యాన్ని నిటారుగానే ఉంచి తీసుకెళ్లాలి. చేరిన చోట వెంటనే స్విచ్చి వేయకుండా మూత తీసి, 35 టేపులూ గైడుల్లోనే ఉన్నాయో లేదో చూశాకే మోటారు తిప్పండి.